చాలు అనే మాట

"వేరే బట్ట దారంతో చేస్తే అది రఫూ కాదు, అతుకు," అంది సూదమ్మ. పొద్దుట్నుంచీ ఈ మాట ఎన్నోసారో ఆమెకే తెలియదు.

"రంగు కలిసింది కదా వదినా. ఇంకేం కలవాలి, మనసులా?" అంది ఆడబిడ్డ, బడి పిల్లల వ్యాను తాళాలు వేలికి తిప్పుకుంటూ. ఆమె దూకుడు చూసి ఇంట్లో పెట్టిన పేరు తొందర. బల్ల మీద రెండు వస్తువులున్నాయి. ఒకటి, మోచెయ్యి దగ్గర మళ్ళీ చిరిగిన గోధుమ రంగు ఉన్ని కోటు. రెండోది, తొందర తన కొత్త శాలువాలోంచి పీకి, ఉండగా చుట్టి తెచ్చిన నాలుగు బారల దారం.

"రెండు చుక్కలు నలుపు తక్కువైంది," అన్నాడు సూదమ్మ భర్త, కళ్ళజోడు పైకెత్తి దారాన్ని వెలుతురులో చూస్తూ. రంగుల దుకాణంలో డబ్బాలు కలిపే మనిషి. లోకంలో ప్రతి రంగూ ఆయనకు ఏదో ఒకటి తక్కువైన రంగే.

"నువ్వూరుకో అన్నయ్యా, నీ చుక్కలూ నువ్వూ."

"అత్త అంత కష్టపడి పీకింది కదమ్మా," అని అమ్మాయి మధ్యలోకొచ్చింది, కాలేజీ సంచి భుజానికి వేసుకుని గుమ్మంలోనే నిలబడి.

"నేను పీకమన్నానా?"

"ఎవరూ పీకమనలేదు," అంది తొందర. "నాకే బుద్ధి పుట్టింది. పద, ఆలస్యమైతే ఆ నర్సు నన్ను కూడా మంచమెక్కించేస్తుంది."

సూదమ్మ దారం ఉండను వేలితో బల్ల అవతలి అంచుకు నెట్టి లేచింది. వీధిలో అందరూ ఆమెను సూదమ్మ అంటారు. ఎలుక కొరికినా, నిప్పురవ్వ పడినా, మేకు తగిలినా, ఆ చిరుగు ఎక్కడుందో తర్వాత బట్ట సొంతదారు కూడా చూపించలేనట్టు పూడ్చి ఇస్తుంది. దానికి ఆమె పద్ధతి ఒక్కటే. దారం బయట కొనదు. అదే బట్ట లోపలి మడతలోంచి, కుట్టు కింద ఎవరికీ కనిపించని చోటునుంచి పోగులు లాగి, చిరుగు మీద నిలువూ అడ్డమూ నేస్తుంది. ఎవరి గాయానికి మందు వాళ్ళ ఒంట్లోనే ఉండాలంటుంది. ఈ కోటు మామగారిది. ఆయన పోయాక భర్త తొడుక్కుంటున్నాడు. దాని మడతల్లో ఉన్న పోగులన్నీ ఇన్నేళ్ళలో దాని మోచేతులకే సరిపోయాయి. ఇప్పుడు లాగడానికి ఏమీ మిగల్లేదు. నిన్న కోటు తిరగేసి, అన్ని మడతలూ విప్పి చూసి, ఏమీ లేక, మళ్ళీ ఊరికే మూసి కుట్టేసింది.

ఈ గొడవ దారం గురించి కాదని నలుగురికీ తెలుసు. సూదమ్మ మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడు మధ్యాహ్నాలు మిషను ఆమె రక్తాన్ని కడుగుతుంది. మిషను మీద ఎల్లకాలం నెట్టుకురాలేమనీ, గుండె అలిసిపోతోందనీ, ఇంట్లో ఎవరైనా తమ మూత్రపిండం ఒకటి ఇస్తే పెట్టొచ్చనీ డాక్టరు చెప్పాడు. భర్తకు షుగరు, ఆయన ఇవ్వడానికి లేదు. అమ్మాయి ఇస్తానంటే, 'ఇచ్చిందాన్ని వెనక్కి తీసుకునే తల్లిని కాను' అని ఆ మాట అక్కడే తుంచేసింది. ఇక తొందర ఎవరికీ చెప్పకుండా వెళ్ళి పరీక్షలన్నీ చేయించుకుని, అన్నీ కలిశాయన్న వార్తను, బజారులో బఠాణీలు చవగ్గా దొరికాయన్నంత మామూలుగా తెచ్చి చెప్పింది. సూదమ్మ వద్దంది. నెల రోజులుగా వద్దంటూనే ఉంది. రేపు పొద్దున డాక్టరుకు ఏదో ఒకటి ఆఖరి మాట చెప్పాలి.

వ్యానులో చిన్న పిల్లల సీట్లు. మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు కూర్చుని, అద్దం మీద ఎవరో పిల్లో పిల్లాడో వేలితో గీసిన చేప బొమ్మలోంచి వీధిని చూసింది. తొందర ఈ రోజు ప్రతి గతుకు దగ్గరా ఆగి ఆగి నడిపింది. పేరుకు తగ్గట్టు నడపదేం, అనుకుంది సూదమ్మ చిరాగ్గా. నిదానంగా నడిపితే అదీ ఒక ఉపకారమే, దానికీ ఏదో ఒకటి బదులు చెయ్యాలి మళ్ళీ.

మిషను మీద ఇక ఇప్పుడు చివరి గంట. మొదటి గంటలు ఎలాగో గడిచిపోతాయి, బరువు చూడటం, బీపీ పట్టీ, ఎడమ చేతికి రెండు లావు సూదులు. సూదితో బతికిన మనిషికి సూదంటే భయం ఉండకూడదు గానీ, గుచ్చే చెయ్యి వేరు, గుచ్చించుకునే చెయ్యి వేరు. చివరి గంటకు గదిలో చప్పుళ్ళన్నీ ఒకదాంట్లో ఒకటి కరిగిపోతాయి, మిషను రొద, పక్క మంచం పెద్దాయన గురక, కిటికీ అవతల ఎవరో చెత్తబుట్ట ఈడ్చుకెళ్ళే చప్పుడు, అన్నీ కలిసి ఒకే నీళ్ళ హోరులా. నీళ్ళు. నీళ్ళ గురించి అనుకోకూడదు. రోజంతటికీ ఒక చెంబుడు, అందులోనే మాత్రలు, అందులోనే టీ. నాలుక మీద ఉన్ని గుడ్డ పరిచినట్టుంది. మిషను ముఖం మీద చిన్న చక్రం ఒకటి తిరుగుతూ ఉంటుంది, మెల్లగా, ఎవరి మీదా కోపం లేనట్టు, ఒక గొట్టంలో రక్తం వెళ్తుంది, ఇంకో గొట్టంలో వస్తుంది, వెళ్ళేదీ వచ్చేదీ ఒకే రంగు, చూస్తే తేడా తెలియదు. చేతిని ఆనుకున్న గొట్టం వెచ్చగా ఉంది. తన వెచ్చదనమే, బయటికి వెళ్ళి తనకే తగులుతోంది. ఆపరేషను చేసి నరాలు కలిపిన చోట, చర్మం కింద ఒక తుమ్మెద ఎప్పుడూ రొద చేస్తూనే ఉంటుంది. చెవి దగ్గర పెట్టుకుంటే వినిపిస్తుంది. మొదట్లో భయపడింది, ఇదేమిటి ఒంట్లో పురుగు దూరినట్టు. నర్సు నవ్వి, అది పాడినంత కాలమే అమ్మా మీకు భరోసా అంది. పాడనీ. చిన్నప్పుడు ప్రార్థన మందిరం కిటికీలో కూడా తుమ్మెద ఒకటి ఇలాగే రొద చేసేది, అద్దానికి కొట్టుకుంటూ, పక్క రెక్క తెరిచి ఉన్నా తెలుసుకోలేక. అవతల ఎండ, పచ్చిగడ్డి. ఆ కిటికీ పక్కన గోడ. గోడ మీద మాట.

మాట అంటే పూర్తి వాక్యం కాదు, ఆ వాక్యానికి తోక. ఎదుటి గోడ మీద 'ఆయన కృప మనకు' అని ఉండేది, మనిషంత ఎత్తు అక్షరాలతో. రాసినాయన దుకాణాల బోర్డులు రాసే మనిషి. రోడ్డవతలి నుంచి కూడా చదవగలిగేట్టు రాయడమే ఆయనకు అలవాటు. నిచ్చెనెక్కి, ఈ గోధుమ రంగు కోటే తొడుక్కుని, కొత్త కోటు అప్పుడు, చేతుల మీద రంగు మరకలు ఇంకా పడలేదు, మొదలుపెట్టడం ఘనంగా మొదలుపెట్టాడు. 'మనకు' దగ్గరికి వచ్చేసరికి గోడ అయిపోయింది. దిగి చూసుకున్నాడు. తల గోక్కున్నాడు. నిచ్చెనను మూల తిప్పి పక్క గోడకు ఆనించి, కిటికీ పక్కన 'చాలు' అని రాసేశాడు. సంఘ పెద్దలు వచ్చి చూసి నోళ్ళు తెరిచారు. ఏమయ్యా, దేవుడి మాటను మూల తిప్పేశావేమిటి, చెరిపి మళ్ళీ రాయి, అన్నారు. ఆయన కుంచె కడుక్కుంటూ, 'గోడ అయిపోయిందండీ, కృప అయిపోలేదు' అన్నాడు. మాట అక్కడే ఉండిపోయింది. తర్వాత ఎన్నో ఏళ్ళకు ఆయనే తనకు మామగారయ్యారు. భోజనాల దగ్గర ఈ కథ చెప్పినప్పుడల్లా ఆయన ఉత్తినే సిగ్గుపడేవారు. లేదు లేదు, అంత బాగా అనలేదు, గోడ అయిపోయిందని మాత్రం అన్నాను, మిగతాది వీళ్ళు కలిపారు, అనేవారు. ఏది నిజమో. కోటులో కప్పేసిన చిరుగులాగా, ఎక్కడ అసలుదో ఎక్కడ కలిపిందో ఇప్పుడు తెలియదు.

కానీ ఆడపిల్లలు కూర్చునే వైపు, స్తంభం వెనక, తన చోటు నుంచి చూస్తే ఎదుటి గోడ కనిపించేది కాదు. పక్క గోడ మాత్రమే కనిపించేది. పెద్దపెద్ద అక్షరాలు రెండు. చాలు. అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చాక తనంతట తాను చదివిన మొదటి దేవుడి మాట అదే. చదవగానే అర్థమైంది, ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, ఎందుకంటే ఇంట్లో రోజూ వినే మాటే. అమ్మ జావ వడ్డించేది. ఇంతమంది పిల్లలం, ఒక్క గిన్నె. గరిటె వంచి, పోసి, గరిటెను గిన్నె అంచుకు టంగుమని కొట్టేది. నీకు చాలు. ఆ టంగు, ఆ మాట, రెండూ ఒకటే. తర్వాత ఎంత చూసినా గరిటె ఇటు రాదు. అయితే దేవుడి దగ్గర కూడా గరిటె ఉందన్నమాట, అనుకుంది స్తంభం వెనక పిల్ల. ఆయనా కొడతాడన్నమాట. అప్పటినుంచి ఆయన్ని ఏమీ అడగలేదు. మిగతా పిల్లలు బొమ్మలడిగేవాళ్ళు, పరీక్ష పాసవాలని అడిగేవాళ్ళు, వానలు పడాలని, పడకూడదని. తను మాత్రం కళ్ళు మూసుకుని, నాకేం వద్దు, ఉన్నది చాలు, అనేది. పెద్దయ్యాక కూడా అదే. పాస్టరు గారు ఒకసారి అందరి ముందూ, ఈ తల్లికున్నంత తృప్తి మనలో ఎవరికుంది, అన్నారు. వంచిన తల ఎత్తలేదు. వినయం అనుకున్నారు. తృప్తి కాదయ్యగారూ, టంగుమనకముందే పళ్ళెం వెనక్కి లాక్కోవడం అది. ఎవరితోనూ అనలేదు. సూది పట్టుకుంది. తన పోగులు తనే లాక్కుంది. ఒకరి దగ్గర గుండుసూది తీసుకుంటే రెండు గుండుసూదులు తిరిగిచ్చింది. పక్కింటావిడ పురిటికి వచ్చి సాయం చేసిపోతే, ఆవిడ ఇంట్లో తలగడ గలీబులన్నిటికీ అంచులు కుట్టి ఇచ్చేదాకా నిద్రపట్టలేదు. ఆవిడ నొచ్చుకుంది కూడా, నేనేమన్నా కూలికి వచ్చానా, అని. ఎందుకు నొచ్చుకుందో అప్పుడు అర్థం కాలేదు.

చలి. చివరి గంటలో చలి పాదాలనుంచి మొదలై పైకి వస్తుంది, నీళ్ళలో మెట్లు దిగుతున్నట్టు. కుడి పిక్క పట్టేసింది. పట్టి, వదిలి, మళ్ళీ పట్టింది. నర్సమ్మా అని పిలిచిందో, పిలిచాననుకుందో. ఎవరో వచ్చి పాదం వెనక్కి వంచి పట్టుకున్నారు, కప్పుకోవడానికి ఏమైనా తెచ్చుకున్నారా అమ్మా, సంచిలో ఏదో ఉంది, తీయనా, అంటున్నారు. సంచిలో ఏం లేదు, నీళ్ళ సీసా, దువ్వెన, అంతే, అని చెప్పేలోపే భుజాల దాకా మెత్తగా, వెచ్చగా ఏదో పరుచుకుంది. ఏదో కాదు. వాసన తెలిసింది. వ్యాను వాసన, పెట్రోలూ బిస్కెట్ల పొడీ పిల్లల తడి సాక్సులూ, తొందర ఎక్కడికి వెళ్ళినా ఈ వాసన వెంట తీసుకెళ్తుంది. ఎప్పుడు దూర్చింది సంచిలో? తాళాలు తిప్పుతూ ఒక పక్క పోట్లాడుతూనే దూర్చేసి ఉంటుంది. దొంగముండ. తీసెయ్యమని చెప్పాలి. చెప్పడానికి నోరు లేవలేదు, ఎండిన నాలుక అంగిలికి అంటుకుంది. వెచ్చదనం మోకాళ్ళ మీదుగా దిగుతోంది. ఇక తీసెయ్యమనాలంటే దానికీ బలం కావాలి కదా. కాసేపాగి చెబుతాను.

ఏం చూసి ఇస్తోంది? నెల రోజులుగా నిద్రలోనూ మెలకువలోనూ తిరిగి తిరిగి అదే చోటికి వస్తోంది, చిక్కుపడిన దారంలో కొస వెతుక్కున్నట్టు. ఏదో ఒక కారణం ఉండాలి. తను ఏదో చేసి ఉండాలి తొందరకు. వెతికింది. చేతితొడుగులు రఫూ చేసింది, అది అందరికీ చేసేదే. జ్వరం వస్తే కాచుకుంది, దానికి తొందర తనను ఎన్నిసార్లు కాచుకుందో లెక్క తేలదు. ఇంకేం? పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన రోజునుంచీ పోట్లాటే. మూతలు పెట్టవు. తలుపు నెమ్మదిగా వెయ్యలేవూ. కప్పులన్నీ చెవులు లేనివే మిగిలాయి ఇంట్లో, నీ పుణ్యమా అని. పెళ్ళి మాటెత్తితే సడన్‌గా బ్రేకు వేసి, నన్ను కట్టుకునేవాడికి హెల్మెట్ ఉండాలి వదినా, అని నవ్వేసేది. అన్నయ్య ఇల్లే తన ఇల్లని, ఎవరినీ అడక్కుండానే ఉండిపోయింది. అన్నం దగ్గర తనే వడ్డించేది తొందరకు. వడ్డించి, గరిటె గిన్నె అంచుకు టంగుమని. అవును. ఆ చప్పుడు. అమ్మ చేతిలోంచి ఎప్పుడు తన చేతిలోకి వచ్చిందో, వచ్చిన సంగతే తెలియలేదు ఇన్నాళ్ళూ. నీకు చాలు అని పైకి అనలేదు, గరిటే అనేది. అయినా ఆ మొద్దుకు ఒక్కనాడు అర్థమైతేగా. గిన్నె పగుల్తుంది వదినా, అంటూ నవ్వుతూ మళ్ళీ పళ్ళెం చాపేది. టంగుమన్నాక కూడా చాపేది. సిగ్గు లేకుండా, కోపం లేకుండా, పెడతారని తెలిసిన పిల్లలా. మరి తను పెట్టేది, గొణుక్కుంటూనే. ఎన్ని వేలసార్లో. అలా చాపడం తనకెందుకు రాలేదు?

ఆసుపత్రి వరండాలో అడిగేసింది ఒకరోజు, చాటుగా, పళ్ళు బిగించి. "ఎందుకిస్తున్నావే?"

"ఎందుకేంటి వదినా, నాకు రెండున్నాయి కదా."

"అది కాదు. నేను నీకేం చేశానని?"

తొందర నిజంగానే ఆలోచించింది. పైకి చూసి, వేళ్ళు ముడిచి, వేళ్ళు విప్పి. "ఏమీ చెయ్యలేదు," అంది చివరికి. "అయితే ఇప్పుడు చెయ్యి. తీసుకో."

పాడు నవ్వు, వరండా అంతా వినపడేట్టు. ఆ రోజు అక్కడినుంచి లేచి వచ్చేసింది. రెండు రోజులు మాట్లాడలేదు. తొందరకు ఆ సంగతి కూడా తెలియలేదు, తనే మాట్లాడుతూ ఉంటుంది కదా, అవతలివాళ్ళు మాట్లాడకపోతే సగం పని తప్పిందనుకుంటుంది.

కుడిచేతి వేళ్ళు శాలువా మీద వాటంతట అవే నడుస్తున్నాయి. అలవాటు. బట్ట చేతికి తగిలితే వేళ్ళు ఊరుకోవు, నేత చూస్తాయి, పోగు లావు చూస్తాయి, అంచు వెతుకుతాయి. మంచి ఉన్ని. కొత్త ఉన్ని, ఇంకా గరుకు పోలేదు. దారం పీకిన చోటు ఎక్కడ? మడత తడిమింది. మడత చెక్కుచెదరకుండా ఉంది. ఇంకో వైపు మడత, అదీ అంతే. మరి ఎక్కడ పీకింది? వేళ్ళు మెల్లగా లోపలికి వచ్చాయి, లోపలికి, గుండెల మీదికి, శాలువా నడిమధ్యకు. అక్కడ. ఒక్కసారిగా పలచన. అరచేతి వెడల్పున పోగులు లేచిపోయి, కిటికీ జాలీలా. కళ్ళు తెరిచి చూసింది. ఓసి దేవుడా. దారం మడతలోంచి తీయాలని ఆ మొద్దుకు తెలియదు. తన పనిని ఇన్నేళ్ళు పక్కనుండి చూసి కూడా ఎక్కడినుంచి తీస్తారో చూడలేదు. కప్పుకుంటే అందరికీ ఎదురుగా కనిపించే చోటు చూసుకుని, మధ్యలోంచి, బాగా కలిసే రంగు అక్కడుందని, పీకేసింది. కొత్త శాలువాను. ఎవరైనా ఇలా పాడుచేసుకుంటారా? దాచిన దాంట్లోంచి కదా తీయాలి, మిగిలినదాంట్లోంచి, పోయినా కనపడనిదాంట్లోంచి. నవ్వొచ్చింది. నవ్వితే సూదులు కదుల్తాయని ఆపుకుంది. ఆపుకుంటే కళ్ళలోంచి వచ్చింది. రోజుకు చెంబుడు నీళ్ళ లెక్కలో ఇవి కూడా వస్తాయేమో, నర్సును అడగాలి.

చక్రం తిరుగుతోంది. వెళ్ళేదీ వచ్చేదీ ఒకే రంగు. తుమ్మెద పాడుతోంది. తను ఏమీ చెయ్యడం లేదు. ఈ మంచం మీద ఇన్ని నెలలుగా ఏమీ చెయ్యకుండానే పడుకుని ఉంది. చేతులు కట్టేసినట్టే, సూది లేదు, దారం లేదు, ఎవరికీ బదులు తీర్చే దారి లేదు, అయినా ప్రతిసారీ రక్తం కడుక్కుని తిరిగొస్తోంది. తనే చేశానని చెప్పుకోవడానికి ఇందులో ఒక్క కుట్టు కూడా లేదు. ఆ ఆలోచన నీళ్ళలో ఆకులా వచ్చింది, ఆగింది, తిరిగింది. దాన్ని పట్టుకోబోతే నిద్రలోకి జారిపోయింది, నిద్ర కాదు, దాని గుమ్మం.

వాన. మందిరం కప్పు కారిన ఏడాది. పైకప్పు మీంచి నీళ్ళు ఆ మూలనే దిగాయి, కిటికీ పక్క గోడ మీదుగా, చాలు మీదుగా. ఆరిపోయాక చూస్తే, చివరి అక్షరానికి పక్కనుండే కొమ్ము నీళ్ళతో పాటే కారిపోయింది. 'చాలు' పోయి 'చాల' మిగిలింది. ఎవరూ పట్టించుకోలేదు, గోడలు మరకలు పడటం మామూలే. అమ్మాయికి అప్పుడప్పుడే అక్షరాలు పట్టుబడుతున్నాయి. దుకాణాల మీదవీ, సబ్బు బిళ్ళల మీదవీ, కనపడ్డవన్నీ గట్టిగా చదివేస్తున్న రోజులు. ఆ ఆదివారం అందరూ మౌనంగా ప్రార్థిస్తున్నారు. సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. తన ఒళ్ళో కూర్చుని పిల్ల ఎదుటి గోడ మొదలుపెట్టింది, వేలితో చూపిస్తూ. ఆయన. కృప. మనకు. మూల దగ్గర ఆగింది. తల తిప్పి, వేలిని కూడా మూల తిప్పి, కిటికీ పక్కకు తెచ్చి, సాగదీసి, మందిరమంతా మోగేట్టు, "చాలా!" అంది.

ఎవరో ముందు బెంచీలో ఫక్కుమన్నారు. ఆ తర్వాత ఇంకెవరో. పాస్టరు గారు కూడా కళ్ళు మూసుకునే నవ్వుతున్నారు. తను సిగ్గుతో పిల్ల నోరు మూసింది. ప్రార్థన అయ్యాక పెద్దలు మామగారి చుట్టూ మూగారు. ఏమండీ, ఆ కొమ్ము కాస్త పెట్టెయ్యండి, అర్థం మారిపోతోంది, అన్నారు. మామగారికి అప్పటికే చేతులు వణుకుతున్నాయి. గోడ వంక చాలాసేపు చూశారు, తన అక్షరాలనే ఎవరో ఇంకొకరు రాసినట్టు. "పాప సరిగ్గానే చదివింది. ఉండనివ్వండి," అన్నారు. అంతే అన్నారు. ఇది మాత్రం ఎవరూ కలిపిన మాట కాదు, పక్కనే ఉండి చెవులారా విన్నది. విని, ముసలాయనకు నిచ్చెనెక్కే ఓపిక లేక అలా అన్నారనుకుని, కోటు మోచేతి చిరుగు వంక చూసుకుంటూ ఇంటికి వచ్చేసింది. ఇన్నేళ్ళు మోసిందన్నమాట ఆ మాటను, మడతలో పోగులా, ఉందని తెలియకుండా. చాలు. చాల. చాలా. టంగుమని కొట్టిన చప్పుడు కాదా అది? ఎవరో నిచ్చెన మీదనుంచి, ఇంకా పోస్తూనే, కిందికి వంగి, చాలా అమ్మా, ఇంకా కావాలా, అని అడుగుతున్నారా ఇన్నాళ్ళూ? తను స్తంభం వెనక, పళ్ళెం వెనక్కి లాక్కుని. తుమ్మెద అద్దానికి కొట్టుకుంటోంది. పక్క రెక్క తెరిచే ఉంది. ఎండ, పచ్చిగడ్డి. ప్రభువా, అంది, చిన్నప్పటినుంచీ అనని మాటకు నోరు తిరగక, పెదవులు మాత్రం కదిపి, ప్రభువా, నాకు కావాలి. బతకాలనుంది. నా దగ్గర ఏమీ లేదు. నాకు కావాలి.

టంగుమనలేదు.

కీచుమంది మిషను. "అయిపోయిందమ్మా," అంది నర్సు, గొట్టాలు ఒక్కొక్కటే మూస్తూ. "మీది మొత్తం మీకు ఇచ్చేశాం." దూది పెట్టి నొక్కి పట్టుకోమంది. సూదమ్మ లేచి కూర్చుని, శాలువాను భుజాల మీదనుంచి తీసెయ్యబోయి, తీయలేదు.

తొందర వ్యాను తలుపు దగ్గర నిలబడి ఉంది. శాలువాను చూసింది. మధ్యలో కన్నం సరిగ్గా సూదమ్మ గుండెల మీదికి వచ్చి, అవతలి వీధి దీపం వెలుతురులో జల్లెడలా కనిపిస్తోంది. ఏదో అనబోయి, ఇన్నేళ్ళలో మొదటిసారి, నోరు మూసుకుంది. మూసుకోలేక మళ్ళీ, "గతుకులున్నాయి, గట్టిగా పట్టుకో," అంది.

ఇంట్లో బల్ల మీద కోటు అలాగే ఉంది. దారం ఉండ బల్ల అంచు మీదే ఉంది. ఎవరూ దాన్ని కదపలేదు. అమ్మాయి వాటిని రెంటినీ ఒక పక్కకు జరిపి పళ్ళేలు పెట్టింది. భర్త చేతులకున్న నీలం రంగును ఎప్పట్లాగే సగమే కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఆసుపత్రి రోజుల్లో వడ్డన తొందరది. వడ్డిస్తుంటే మెతుకులు బల్ల మీద, చిప్ప కింద, ఒకోసారి అన్నయ్య చొక్కా మీద. సూదమ్మ పళ్ళెం దగ్గరికి గరిటె రాగానే చెయ్యి అడ్డం వస్తుందని అందరికీ తెలుసు. చాలు చాలు, అంటుంది, గరిటె వంచకముందే. ఈ మాటను అమ్మాయి కూడా అనుకరించి నవ్విస్తుంది అప్పుడప్పుడు.

తొందర గరిటె వంచింది. చెయ్యి అడ్డం రాలేదు. ఇంకోటి పెట్టింది. సూదమ్మ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. తొందర మూడో గరిటె గాల్లో పట్టుకుని ఆగిపోయింది.

"ఆపమనవేంటి వదినా? మిషను కింద పొరపాటున చెవులు కూడా కడిగేశారా?"

ఆయన తల ఎత్తాడు. అమ్మాయి మంచినీళ్ళ చెంబు పట్టుకుని నిలబడిపోయింది.

"ఏమండీ," అంది సూదమ్మ, పళ్ళెం వంకే చూస్తూ. గొంతు ఎప్పటికంటే చిన్నగా ఉంది. "పొద్దున డాక్టరు గారికి ఫోను చెయ్యండి. తీసుకుంటానని చెప్పండి."

ఆయన నీలం చేతిని బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తలమీద పెట్టుకున్నాడు. అమ్మాయి చెంబు దించింది, చప్పుడు కాకుండా. తొందర గరిటెను గిన్నెలో పెట్టాలని కూడా మర్చిపోయింది. దాన్నుంచి అన్నం ఒక్కొక్క మెతుకే కోటు మీద పడుతోంది. ఆమె కళ్ళు నిండుతున్నాయని తెలిసి, తెలియనివ్వకూడదని, ముక్కు ఎగబీల్చి, బల్ల అంచు మీది ఉండను గడ్డంతో చూపించింది.

"ఏం తీసుకుంటావు? దారమా?"

సూదమ్మ చెయ్యి చాపి ఉండను దగ్గరికి లాక్కుంది.

"దారం కూడా," అంది.